వేల్స్ ఊళ్ళ పేర్లు విడగొట్టి చదవడం ఎలా: అడుగడుగునా ఒక గైడ్

వేల్స్ రాజధాని కార్డిఫ్ వచ్చిన కొత్తలో రైల్వే స్టేషన్‌లో బోర్డులు చూస్తే నాకు కళ్ళు తిరిగేవి. ఒకసారి పడమటి వైపు ఒక ఊరికి టికెట్ కావాలని "ల్లనెల్లి" అని అడిగా, స్పెల్లింగ్‌లో రెండు చోట్ల రెండేసి ఎల్‌లు ఉన్నాయి కదా, మన "పల్లి" లాగా ఒత్తి పలికితే సరిపోతుందనుకున్నా. కౌంటర్‌లో ఆవిడ నవ్వకుండా, పాపం, తను ఒకసారి పలికి చూపించింది. నాకు అందులో ఎల్ అనేది ఎక్కడా వినపడలా, ఎవరో బుస కొట్టినట్టు వినపడింది అంతే.

తర్వాత మెల్లగా అర్థమైంది, ఈ పేర్లు బట్టీ పట్టి లాభం లేదు, విడగొట్టి చదవాలి. చింతలపూడి అనగానే మనకి ఎవరూ చెప్పక్కర్లేకుండానే చింతచెట్లు కనిపిస్తాయి కదా, ఇక్కడా అదే పద్ధతి. కొండ, ఏరు, చర్చి, వంతెన, రంగు, సైజు, ఎవరో ఒక సాధువు పేరు, వీటిని గొలుసులా అతికించేస్తే ఊరి పేరు అయిపోతుంది. ఓ ముప్ఫై మాటలు, ఒక్క గ్రామర్ రూల్ వస్తే మ్యాప్‌లో చాలా పేర్లకి అర్థం మీరే చెప్పేయొచ్చు, పైగా ఆ రూల్ మనం స్కూల్లో తెలుగు పరీక్ష కోసం చదివిందే, మూడో అడుగులో చెప్తా. చదువుకోడానికి ఇటు వచ్చే పిల్లలకి, ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పనిచేసే మన డాక్టర్లకి, ఊరికే కొండలెక్కడానికి వచ్చేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

మొదలుపెట్టేముందు దేశం పేరు ఒకటి చూద్దాం, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే ఉంది. "వేల్స్" అనేది ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు, పాత జర్మానిక్ భాషల్లో "పరాయివాడు" అనే మాట దానికి మూలం. అంటే బయటినుంచి వచ్చినవాళ్ళు, అప్పటికే అక్కడ ఉన్నవాళ్ళని పరాయివాళ్ళు అన్నారన్నమాట! వీళ్ళు మాత్రం తమ దేశాన్ని కమ్రి అంటారు, "ఒకే నేలవాళ్ళం, సాటివాళ్ళం" అని దాని మూలార్థం. 2021 జనాభా లెక్కల్లో వీళ్ళ సొంత భాష వెల్ష్ మాట్లాడతామని చెప్పినవాళ్ళు 17.8 శాతం, అంటే 5 లక్షల 38 వేల మంది దాకా. కాబట్టి ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళలో కూడా చాలామందికి తమ ఊరి పేరు అర్థం తెలీదు, మీకొక్కరికే రాదని సిగ్గుపడక్కర్లేదు.

మొదటి అడుగు: అక్షరాలు పలకడం

ఇది దాటేసి అర్థాల్లోకి దూకకండి. వెల్ష్ స్పెల్లింగ్ చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ ఇంగ్లీషు కంటే చాలా నయం, మన తెలుగులాగే దాదాపు రాసినట్టే చదువుతారు. కొన్ని అక్షరాల విలువ మాత్రం వేరు.

డబ్ల్యూ చాలా చోట్ల అచ్చు, మన ఉ లేదా ఊ. లోయని వాళ్ళు సీ డబ్ల్యూ ఎమ్ అని రాస్తారు, అచ్చులే లేవని కంగారు పడొద్దు, అది "కుమ్". ఒక్క ఎఫ్ ఉంటే వ, రెండు ఎఫ్‌లు ఉంటేనే ఫ. సీ ఎప్పుడూ క, స అనే మాటే లేదు. సీ హెచ్ వస్తే గొంతులోంచి వచ్చే ఖ, ఉర్దూలో "ఖాన్" అనేటప్పటి ఖ, హైదరాబాద్‌వాళ్ళకి ఇది పుట్టుకతో వచ్చేసినట్టే. రెండు డీలు అంటే ఇంగ్లీషు "దిస్, దట్" లో మొదటి శబ్దం. యూ అంటే ఇ. వై అయితే చివరి భాగంలో ఇ లాగా, ముందు భాగాల్లో అ లాగా ఉంటుంది, అందుకే కమ్రి లో మొదటిది అ అయింది. ఒత్తు చివరినుంచి రెండో భాగం మీద పడుతుంది, లాండడ్నో అని ఇంగ్లీషులో పిలిచే ఊరు అసలు పలుకు ల్హాన్‌డిడ్నో, "డిడ్" మీద బరువు.

ఇక ఆ రెండు ఎల్‌ల సంగతి. నాలుకని ల పలికే చోటే పెట్టండి, గొంతు కదపకండి, గాలిని నాలుకకి రెండు పక్కలనుంచి ఊదండి. అంతే. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి, మొదటి రోజు తుంపర్లు పడతాయి, వారానికి సెట్ అవుతుంది. తెలుగులో దీనికి అక్షరం లేదు కాబట్టి నేను ల్హ అని రాస్తున్నా.

రెండో అడుగు: వెనకనుంచి చదవండి

నాకు ఎవరూ చెప్పని, నాకు నేనే పట్టుకున్న చిట్కా ఇది. వెల్ష్‌లో మాటల వరస మనకి సరిగ్గా తిరగేసి ఉంటుంది. మనం "పెద్ద కొండ" అంటే వాళ్ళు "కొండ పెద్ద" అంటారు, మనం "వంతెన కొస" అంటే వాళ్ళు "కొస-వంతెన" అంటారు. అందుకని పేరుని ముక్కలు చేసి చివరి ముక్కనుంచి ముందుకి చదివారంటే తెలుగు దానంతటదే వచ్చేస్తుంది. పొంటప్రీద్ అనే ఊరుంది, కార్డిఫ్‌కి పైన, లోయల్లోకి వెళ్ళే దారిలో. దాని పాత రూపం పోంట్-అ-టీ-ప్రీద్. పోంట్ వంతెన, టీ ఇల్లు, ప్రీద్ మట్టి. వెనకనుంచి చదవండి: మట్టి ఇంటి వంతెన. ఇంగ్లీషువాడు దీనికి మధ్యలో రెండు ఆఫ్‌లు తగిలించాలి, మనకి ఆ బాధే లేదు. (అక్కడ 1756లో విలియం ఎడ్వర్డ్స్ కట్టిన ఒంటి కమాను రాతి వంతెన ఇప్పటికీ ఉంది, పేరు మాత్రం దానికంటే పాతది.)

ఇప్పుడు మొదటి ముక్కలు. వీటిలో రారాజు ల్హాన్. మొదట్లో దీనర్థం కంచె వేసిన స్థలం, ఆ తర్వాత ఆ ఆవరణలో కట్టిన చర్చి, ఆ తర్వాత ఆ చర్చి చుట్టూ పెరిగిన ఊరు. 5, 6, 7 శతాబ్దాల్లో ఇక్కడ సాధువులు ఊరూరా తిరిగి చిన్న చిన్న చర్చిలు పెట్టారు, ఆ పేర్లే ఊళ్ళకి నిలిచిపోయాయి, టిడ్నో చర్చి ల్హాన్‌డిడ్నో, కొల్హెన్ చర్చి ల్హన్‌గొల్హెన్, తైలో చర్చి ల్హన్‌డైలో, ఎల్హి చర్చి ల్హనెల్హి (నేను టికెట్ దగ్గర పరువు పోగొట్టుకున్న ఊరు). గమనించారా, వీళ్ళెవరూ మనం విన్న పేర్లు కాదు, ప్రపంచంలో ఇంకెక్కడా వీళ్ళకి గుళ్ళు కూడా పెద్దగా ఉండవు. మన పల్లెల్లో ఆ ఊరికి మాత్రమే తెలిసిన గ్రామదేవత ఉంటుంది చూడండి, కొంచెం ఆ లెక్క.

తర్వాతది అబెర్, ఏరు సముద్రంలోనో ఇంకో పెద్ద ఏట్లోనో కలిసే చోటు. దాని వెనక వచ్చేది దాదాపు ఎప్పుడూ ఆ ఏటి పేరే, అబెర్‌తవె అంటే తవె ఏరు కలిసే చోటు, అబెర్‌దార్ అంటే దార్ ఏరు వచ్చి కనన్‌లో కలిసే చోటు. కైర్ అంటే కోట, చాలాసార్లు రోమన్లు వదిలేసి పోయిన కోట. పెన్ అంటే తల, కొస, శిఖరం, మూడూ. ట్రె అంటే ఒకప్పుడు పొలం మధ్య ఇల్లు, ఇప్పుడు ఊరు. బ్రిన్ కొండ, మనిద్ పర్వతం, నాంట్ వాగు, ల్హిన్ చెరువు, అవోన్ నది (ఇంగ్లాండ్‌లో "రివర్ ఏవన్" అంటారే, అది "నది నది" అన్నమాట), అనిస్ దీవి, కోయ్ద్ చెట్లు, మైస్ మైదానం, రీద్ ఏరు దాటే రేవు, మెలిన్ మిల్లు, బేద్ సమాధి. వెనక తగిలేవి: మౌర్ పెద్ద, బాఖ్ చిన్న, డీ నల్ల, గ్విన్ తెల్ల, కోఖ్ ఎర్ర, నెవిద్ కొత్త. మధ్యలో ఒంటిగా "అ" వినపడితే అది ఇంగ్లీషు "ద" లాంటిది, పట్టించుకోకుండా దాటేయండి.

ఇంకో రంగు ఉంది, గ్లాస్. ఇప్పుడు నీలం అని చెప్తారు గానీ పాత వాడుకలో గడ్డి పచ్చదనం కూడా గ్లాసే. ఇంగ్లీషువాళ్ళకి ఇది వింత. మనం మాత్రం ఆకునీ పసుపునీ రెంటినీ పచ్చ అనేవాళ్ళం, ఒకే మాట రెండు రంగులు మోయడం మనకి కొత్తేం కాదు. గ్లాస్‌లిన్ అనే కొండ చెరువు దగ్గర నిలబడితే అది నీలమో ఆకుపచ్చో మీరూ చెప్పలేరు.

మూడో అడుగు: గసడదవాదేశం గుర్తుందా?

ఇక్కడే అందరూ మునుగుతారు. డిక్షనరీలో "గోఖ్" కోసం వెతుకుతారు, దొరకదు. "వైర్" వెతుకుతారు, దొరకదు. ఎందుకంటే వెల్ష్‌లో ముందు మాటని బట్టి తర్వాతి మాట మొదటి అక్షరం మెత్తబడిపోతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని మ్యుటేషన్ అని పెద్ద రాక్షసుడిలా చూపిస్తారు. తల్లి, తండ్రి కలిస్తే ఏమవుతుంది? తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయ. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. క గ అయింది, త ద అయింది. అదే ఇది! మనకి ప వ అవుతుంది, వాళ్ళకి ప బ అవుతుంది, తేడా అంతే. రెండు భాషలకీ చుట్టరికం ఉందని కాదు, వేరే వేరే కుటుంబాలు, కానీ చెవికి మాత్రం ఈ అలవాటు మనకి ముందే ఉంది.

మెత్తబడే వరస ఇది, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: క గ అవుతుంది, ప బ, త డ లాగా వినపడే వాళ్ళ డీ. బ, మ రెండూ వ అయిపోతాయి. డీ కాస్తా రెండు డీలు అవుతుంది. ల్హ ఊరికే ల అవుతుంది. గ అయితే ఏకంగా మాయమైపోతుంది, అదే అసలు దొంగ.

ఇప్పుడు రివర్స్‌లో వెళ్ళండి. ల్హాన్‌వైర్ అనే పేరు వేల్స్ అంతా కనిపిస్తుంది, వ ని వెనక్కి తిప్పితే మ, అంటే మైర్, అంటే మేరీమాత, మేరీ చర్చి. ల్హన్‌బెదర్ లో బ ని తిప్పితే పెదర్, పీటర్. ల్హన్‌దెవి అంటే దెవి చర్చి, దెవి అంటే సెయింట్ డేవిడ్, మార్చి 1 ఆయన పండగ. ఆయన పెద్ద చర్చి ఉన్న ఊరు టీదెవి, "దెవి ఇల్లు", మన చెవికి దేవి ఇల్లు అన్నట్టు ఉంటుంది కానీ ఆయన మగాయన, కన్ఫ్యూజ్ అవ్వకండి. బ్రిజెండ్ అనే ఊరి వెల్ష్ పేరు పెన్-అ-బోంట్, పోంట్ కాస్తా బోంట్ అయింది, వంతెన కొస. కౌబ్రిడ్జ్ పేరు అ బోంట్‌వైన్, ఇందులో రెండు చోట్ల మెత్తబడింది, పోంట్ బోంట్ అయితే రాయి అనే "మైన్" కాస్తా "వైన్" అయింది, రాతి వంతెన.

దక్షిణ వేల్స్‌లో ఎత్తైన కొండ పెన్ అ వాన్, 886 మీటర్లు. ఆ "వాన్" అసలు రూపం "బాన్", అంటే శిఖరం. దాని బహువచనమే బన్నై, బన్నై బ్రఖైనియోగ్ అనే నేషనల్ పార్క్ పేరులో మొదటి మాట. రెండూ ఒకే మాటని నాకు మూడేళ్ళ దాకా తెలీదు, రోజూ బోర్డు చూస్తూనే ఉన్నా.

ఇప్పుడు పరీక్ష పెడదాం, అందరూ ఫొటో దిగే ఆ 58 అక్షరాల ఊరు. అనిస్ మోన్ దీవిలో ఉంది, పేరు మొత్తం ఒకే ఊపిరిలో కాకుండా ముక్కలుగా చదవండి: ల్హాన్-వైర్-పుల్హ్-గ్విన్-గిల్హ్-గో-గెర్-అ-ఖ్విర్న్-ద్రోబుల్హ్-ల్హాన్-తసిల్యో-గోగో-గోఖ్. ల్హాన్‌వైర్ ఇప్పుడు మీకు తెలుసు. పుల్హ్ అంటే గుంట, గ్విన్ తెల్ల, గిల్హ్ అంటే కిల్హ్ మెత్తబడింది, హేజెల్ చెట్లు. గోగెర్ దగ్గర, ఖ్విర్న్ ఉధృతమైన, ద్రోబుల్హ్ అంటే ట్రోబుల్హ్ మెత్తబడింది, సుడిగుండం. తసిల్యో ఇంకో సాధువు, గోగో గుహ, గోఖ్ అంటే కోఖ్, ఎర్ర. మొత్తం కలిపితే, తెల్ల హేజెల్ చెట్ల గుంటలో, ఉధృతమైన సుడిగుండం దగ్గర, ఎర్ర గుహ తసిల్యో చర్చి దగ్గర ఉన్న మేరీ చర్చి. వెల్ష్ లెక్కలో ఇది 51 అక్షరాలే, ఎందుకంటే రెండు ఎల్‌లు, సీ హెచ్ లాంటి జంటలు వాళ్ళకి ఒక్కో అక్షరం. ఇంకో సంగతి, ఈ పొడుగు పేరు పాతది కాదు, 1860ల్లో రైలు మీద వచ్చే టూరిస్టులని ఆకర్షించడానికి తగిలించిన తోక. ముందున్న ల్హాన్‌వైర్ పుల్హ్ గ్విన్‌గిల్హ్ వరకే అసలుది. ఊళ్ళోవాళ్ళు ల్హాన్‌వైర్‌పుల్హ్ అని ఊరుకుంటారు, ఎవరికి ఓపిక.

నాలుగో అడుగు: నేల మీదకి వెళ్ళి చూడండి

మాట అర్థం తెలిస్తే సగమే, ఆ చోట నిలబడితే మిగతా సగం. కైర్‌నార్వోన్ ని విడగొడితే కైర్-అన్-అర్వోన్, అర్వోన్ లోని కోట. ఆ అర్వోన్ ఏంటంటే "మోన్ కి ఎదురుగా ఉన్న నేల". 1283లో మొదటి ఎడ్వర్డ్ మొదలుపెట్టిన కోట గోడ దగ్గర నిలబడి నీళ్ళ అవతలకి చూడండి, ఎదురుగా మోన్ దీవి. పేరు మీకు వేలు పెట్టి చూపిస్తుంది.

అలా వెళ్ళి చూడకపోతే తప్పులూ జరుగుతాయి. ల్హన్‌దావ్ అని కార్డిఫ్‌లోనే పెద్ద కెథడ్రల్ ఉన్న పేట ఉంది. ల్హాన్ కదా అని "దావ్" అనే సాధువు కోసం వెతికా. లేడు. అది తావ్ నది, ఆ పక్కనుంచే పారుతోంది, నది ఒడ్డు చర్చి. కార్డిఫ్ వెల్ష్ పేరు కైర్దీద్ లో ఉన్నది కూడా ఆ తావే, రూపు మారిపోయి గుర్తుపట్టలేం అంతే.

కొండల్లో తిరిగేటప్పుడు రెండు పేర్లు పదేపదే తగుల్తాయి, హవోద్, హెండ్రె. హెండ్రె అంటే పాత ఇల్లు, లోయలో కింద ఉంటుంది, చలికాలం అక్కడ. హవోద్ అంటే వేసవి ఇల్లు, పైన గడ్డి కొండల మీద. మే మొదట్లో పశువుల్ని తోలుకుని పైకి వెళ్ళేవాళ్ళు, అక్కడే పాలు పిండి వెన్న, జున్ను చేసుకుని, నవంబరు ముందు కిందకి దిగేవాళ్ళు. ఇప్పుడా పద్ధతి లేదు, రెండూ మామూలు ఇళ్ళే, కానీ మ్యాప్ మీద ఒక హవోద్ కనిపిస్తే కింద లోయలో దాని హెండ్రె కోసం వెతకండి. చాలాసార్లు దొరుకుతుంది. నాకైతే ఇది కోటలు చూడ్డం కంటే ఎక్కువ నచ్చింది, రాజుల పేర్లు ఎవరైనా దాస్తారు, ఆవులు ఎటు వెళ్ళాయో దాచేది ఊళ్ళ పేర్లే.

పేర్లన్నీ పాతవే అనుకోకండి మళ్ళీ. ఉత్తరాన పలక రాయి గనుల ఊరు బెథెస్డా, ఇంకా నెబో, కార్మెల్, హెబ్రోన్, బెత్లెహెమ్, ఇవన్నీ బైబిల్ పేర్లు, 19వ శతాబ్దంలో కార్మికులు, రైతులు చందాలేసుకుని కట్టుకున్న చాపెల్‌ల పేర్లు ఊళ్ళకి అంటుకున్నాయి. గుంటూరు, కృష్ణా పల్లెల్లో చర్చి పేరు మీద పేట పేరు విన్నవాళ్ళకి ఇది వింతగా ఉండదు.

ఐదో అడుగు: ఒక ఊరికి రెండు పేర్లుంటే అది ఏ రకమో తేల్చుకోండి

బోర్డు మీద రెండు పేర్లు కనిపిస్తే మూడు రకాల్లో ఒకటి అవుతుంది. ఒకటి, ఇంగ్లీషువాడి నోట్లో నలిగింది: కైర్దీద్ కార్డిఫ్ అయింది, రాజమహేంద్రవరం రాజమండ్రి అయి, దాని స్పెల్లింగ్ ఇంకెటో పోయినట్టు. రెండు, అర్థాన్ని అనువాదం చేసేశారు, బ్రిజెండ్ లాంటివి. మూడోది నాకిష్టం, రెండు పేర్లకీ ఏ సంబంధం ఉండదు. అబెర్‌తవె ని ఇంగ్లీషులో స్వాన్సీ అంటారు, హంసలు ఉంటాయేమో అనుకుంటాం, కాదు, అది వైకింగులు పెట్టిన పేరు, "స్వైన్ అనేవాడి దీవి". అనిస్ మోన్ కి ఆంగిల్సీ అన్నది కూడా వైకింగుల పేరే, అబెర్‌గ్వైన్ కి ఫిష్‌గార్డ్ అన్నదీ అంతే. పటం తీసి చూడండి, ఈ వైకింగుల పేర్లన్నీ సముద్రం ఒడ్డునే. పడవ మీదనుంచి చూసినవాడు ఒక పేరు పెట్టాడు, నేల దున్నినవాడు ఇంకో పేరు పెట్టుకున్నాడు.

రోడ్డు మీద ఆ రెండు పేర్లు ఉండడం కూడా ఊరికే రాలేదు. 1960ల చివర్లో ఇంగ్లీషు మాత్రమే ఉన్న బోర్డులకి కుర్రాళ్ళు రాత్రిపూట ఆకుపచ్చ పెయింట్ పూసేవాళ్ళు, కోర్టులకి, జైళ్ళకి వెళ్ళారు. 1972లో ప్రభుత్వం వేసిన కమిటీ రెండు భాషల్లో ఉండాలని చెప్పింది. మన దగ్గర బోర్డు మీద తెలుగు ఉందా లేదా అని గొడవపడే వాళ్ళకి ఈ కథ బాగా అర్థమవుతుంది. నవ్వుకోడానికి ఒకటి: 2008లో స్వాన్సీలో ఒక రోడ్డు బోర్డుకి వెల్ష్ అనువాదం కోసం ఈమెయిల్ పంపితే తిరిగొచ్చిన జవాబుని అలాగే బోర్డు మీద ముద్రించేశారు. ఆ జవాబు ఏంటంటే, "నేను ప్రస్తుతం ఆఫీసులో లేను, అనువాదం పనులుంటే పంపండి".

ఆరో అడుగు: అందమైన కథ వినపడితే అనుమానించండి

స్థలపురాణం లేని ఊరు ఉంటుందా ఎక్కడైనా. ఉత్తరాన కొండల మధ్య బేద్‌గెలెర్ట్ అనే ముచ్చటైన ఊరు ఉంది, పేరు "గెలెర్ట్ సమాధి". గైడ్‌లు చెప్పే కథ ఏంటంటే, రాజు ల్హువెలిన్ వేటకి వెళ్ళి వచ్చేసరికి ఆయన కుక్క గెలెర్ట్ నోటికి రక్తం, ఉయ్యాల తిరగబడి ఉంది, బిడ్డ కనపడలేదు, కోపంతో కుక్కని పొడిచి చంపేశాడు, తర్వాత చూస్తే బిడ్డ క్షేమంగా ఉంది, పక్కన తోడేలు చచ్చి పడి ఉంది. ఆగండాగండి, ఈ కథ మనకి తెలుసు కదా! పంచతంత్రంలో ముంగిస, పాము, నీళ్ళకి వెళ్ళొచ్చిన తల్లి. అవును, జానపద కథల మీద పనిచేసినవాళ్ళు దీన్ని మన వైపునుంచి దేశాలు దాటి వచ్చిన కథగానే చూస్తారు. ఈ ఊరికి దాన్ని అంటించింది 18వ శతాబ్దం చివర్లో అక్కడ హోటల్ నడిపిన డేవిడ్ ప్రిచర్డ్ అని చెప్తారు, సమాధి రాయి కూడా అప్పటిదే. అసలు పేరులో ఉన్నది కెలెర్ట్ అనే మనిషి, సాధువని అంటారు, క మెత్తబడి గ అయింది. మూడో అడుగు వచ్చినవాడికి కుక్క కథ ముందే తేడా కొట్టాలి.

కైర్‌వర్దిన్ ఇంకా తమాషా. రోమన్లు దాన్ని మోరిదునుమ్ అన్నారు, "సముద్రపు కోట". కాలం గడిచి ఆ మాట నలిగి "మర్దిన్" అయింది, అర్థం మర్చిపోయారు, ముందు ఇంకో "కోట" తగిలించారు. తర్వాత ఈ మర్దిన్ ఎవరబ్బా అని ఆలోచించి ఒక మనిషిని పుట్టించారు, ఆయనే ఆర్థర్ రాజు కథల్లోని మాంత్రికుడు మెర్లిన్. మనిషి పేరు ఊరికి రావడం చూశాం, ఊరి పేరులోంచి మనిషి రావడం అరుదు.

అలాగని కథల్ని పారేయమని కాదు నేను చెప్పేది. మధ్యయుగాల వెల్ష్ కథల సంపుటి మాబినోగి లో గ్విదియోన్ అనేవాడు మాయచేసి పందుల మందని కొట్టేసి ఉత్తరానికి తోలుకుపోతూ రాత్రికి ఎక్కడ ఆగితే ఆ ఊరికి "మోఖ్", అంటే పందులు, అనే పేరు పడిందని వరసగా చెప్తారు, మోఖ్‌డ్రె, మోఖ్‌నాంట్ అలాగ. చరిత్రగా నిలబడదు. కానీ వినేవాడు ఆ పేర్లు గుర్తుపెట్టుకుని దారి తప్పకుండా వెళ్ళగలడు, పటాలు లేని రోజుల్లో అదే పటం.

ఏడో అడుగు: పోయిన పేర్లనీ, తిరిగొచ్చిన పేర్లనీ పట్టించుకోండి

అబెరస్ట్విత్ కి దక్షిణంగా రోడ్డు పక్కన ఒక పాడుబడ్డ గోడ మీద ఎర్ర రంగు వేసి తెల్లటి అక్షరాలతో "కోవ్యూఖ్ డ్రెవెరిన్" అని రాసి ఉంటుంది, "ట్రెవెరిన్‌ని గుర్తుంచుకోండి". ట్రెవెరిన్ ఒక ఏరు. ఆ లోయలో కాపెల్ కెలిన్ అనే వెల్ష్ మాట్లాడే చిన్న ఊరుండేది, బడి, పోస్టాఫీసు, చాపెల్, కొన్ని ఇళ్ళు, పొలాలు. లివర్‌పూల్ నగరానికి నీళ్ళ కోసం 1957లో పార్లమెంటు చట్టం చేసింది, వేల్స్ ఎంపీల్లో ఒక్కరూ దానికి ఓటెయ్యలేదు, అయినా పాసైంది, 1965కి ఊరు మునిగింది. శ్రీశైలం, నాగార్జునసాగర్, పోలవరం ముంపు గ్రామాలు తెలిసినవాళ్ళకి ఇంకేం వివరించక్కర్లేదు. లివర్‌పూల్ కౌన్సిల్ 2005లో క్షమాపణ చెప్పింది. చెరువుకి ఇప్పుడు ల్హిన్ కెలిన్ అని పేరు, ఊరిపేరులో సగం నీళ్ళ మీద తేలుతోంది.

నీళ్ళు లేకుండా కూడా పేర్లు మునుగుతాయి. ఎరరి (ఇంగ్లీషులో స్నోడోనియా) కొండల్లో కుమ్ క్నైవియోన్ అనే లోయ ఉంది, గొర్రె ఉన్ని లోయ అని. కొండలెక్కేవాళ్ళు దాన్ని ఇంగ్లీషులో "పేరులేని లోయ" అని పిలవడం మొదలుపెట్టారు! పేరున్నదాన్ని పట్టుకుని. ఆ పక్కనే ల్హిన్ బోఖ్‌లూయ్ద్ అనే చెరువుకి, ఆకారం అలా ఉందని, "లేక్ ఆస్ట్రేలియా" అని తగిలించారు. మంచిపనే చేస్తున్నాం అనుకుంటూ చేసేవి ఇవన్నీ.

ఇటీవల గాలి అటునుంచి ఇటు తిరిగింది. 2022 నవంబరులో స్నోడోనియా పార్క్‌వాళ్ళు ఇకనుంచి ఎరరి, అర్ విద్వా అనే పేర్లే వాడతామని తీర్మానించారు. అర్ విద్వా అంటే స్నోడన్, 1085 మీటర్లు, వేల్స్‌లో అన్నిటికంటే ఎత్తు. ఇంగ్లీషు పేరు "మంచు కొండ", వెల్ష్ పేరు "సమాధి గుట్ట", అసలు మాట గ్విద్వా, ముందు గ మాయం, చెప్పాగా దొంగ అని. రాజుల గడ్డాలు కోసి అంగీ కుట్టించుకున్న రీటా అనే రాక్షసుణ్ణి ఆర్థర్ చంపి అక్కడ పాతిపెట్టాడని కథ. ఇంగ్లీషు పేరు వాతావరణం చెప్పింది, వెల్ష్ పేరు కథ దాచింది. 2023 ఏప్రిల్ 17న బ్రెకన్ బీకన్స్ కాస్తా బన్నై బ్రఖైనియోగ్ అయింది, బ్రఖన్ అనే పాత రాజు నేల మీది శిఖరాలు. నోరు తిరగదని కొంతమంది గోల చేశారు. మీరు మొదటి అడుగు చేసుంటే తిరుగుతుంది.

ఎనిమిదో అడుగు: సరిచూసుకోవడం

మీ ఊహ కరెక్టో కాదో చూసుకోడానికి ఒక వరస ఉంది. ముందు ఇప్పటి స్పెల్లింగ్ కోసం వెల్ష్ భాషా కమిషనర్ వెబ్‌సైట్‌లో ఊళ్ళ పేర్ల జాబితా. తర్వాత పాత స్పెల్లింగులు, ఇదే ముఖ్యం, ఎందుకంటే ఇప్పటి రూపం ఒక్కదాన్నే చూసి అర్థం చెప్పేవాడు ఎప్పుడో ఒకప్పుడు బోల్తా పడతాడు. 2016 చట్టం ప్రకారం వేల్స్‌లో చారిత్రక స్థలనామాల జాబితా పెట్టారు, లక్షల పేర్లు, ఉచితం, రాయల్ కమిషన్‌వాళ్ళు చూసుకుంటారు. అబెరస్ట్విత్‌లోని నేషనల్ లైబ్రరీ 1840ల నాటి టైద్ మ్యాపుల్ని (చర్చికి కట్టే పన్ను లెక్క కోసం గీసిన పటాలు) ఆన్‌లైన్‌లో పెట్టింది, అందులో ఒక్కో పొలం పేరు కూడా కనిపిస్తుంది, ఎర్ర చేను, పెద్ద మడి, బావి పక్క చెక్క, అలాంటివి. ఇక్కడికెళ్తే రాత్రి రెండైనా నిద్ర పట్టదు, ముందే చెప్తున్నా.

ఆ తర్వాత స్థానికుల్ని అడగండి, కానీ ముందు మీరు విడగొట్టి చూపించి అడగండి. "ఇది వాగు పక్క పాత మిల్లు కదండీ" అని మొదలుపెడితే పబ్‌లో కూర్చున్న పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు, ఊరికే "ఈ పేరు ఎలా పలకాలి" అంటే పలికి పంపించేస్తాడు.

ప్రాక్టీస్‌కి వేల్స్ దాకా రాలేనివాళ్ళకి మూడు పేర్లు. అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గర ఉన్నవాళ్ళు రోజూ చూసే బ్రిన్ మార్, వెనకనుంచి చదివితే పెద్ద కొండ, అక్కడికి వలస వెళ్ళిన వెల్ష్‌వాళ్ళ పేరు. ఆ చుట్టుపక్కలే ట్రెడిఫ్రిన్, డఫ్రిన్ అంటే లోయ, మిగతాది మీరే చెప్పండి. మూడోది అర్జెంటీనాలో. 1865లో మిమోసా అనే ఓడలో పటగోనియా వెళ్ళి స్థిరపడిన వెల్ష్‌వాళ్ళు తర్వాత కొండల దగ్గర పెట్టుకున్న ఊరు ట్రెవెలిన్. వ ని వెనక్కి తిప్పండి, రెండో అడుగు జాబితా చూడండి, అక్కడ ఏం ఆడించేవాళ్ళో తెలిసిపోతుంది.